320 మైక్రోసెకన్ల గడువు

(తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు, సంగీత విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక విశ్రాంత ప్రయోగశాల బోధకురాలు చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా ఇందులో ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో వయొలిన్ పెట్టెలు, వెనుక వరుసల్లో ల్యాప్‌టాప్ సంచులు కనిపిస్తున్నాయి. ఈ రెండు వర్గాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టడం నిర్వాహకుల సాహసమే. ఒకరికి కరతలామలకమైన విషయాన్ని నేను మరొకరికి విడమరచి చెబుతున్నప్పుడు మొదటివారు కాస్త ఓపిక పట్టండి. మీ వంతూ వస్తుంది.

బల్ల మీద ఉన్న ఈ లావుపాటి కీబోర్డు నిజానికి కంప్యూటరే. యంత్రమంతా మీటల కిందే ఉంటుంది. పేరు బీబీసీ మైక్రో. ఏకాన్ అనే బ్రిటిష్ కంపెనీ 1981 చివర్లో దీన్ని విడుదల చేసింది. లోపల 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ ఉన్నాయి. మన దేశంలో 1984లో పాఠశాలల కోసం ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలైనప్పుడు బడులకు వచ్చినవి ఇవే. మొహాలీలోని ప్రభుత్వ రంగ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వీటిని లైసెన్సు మీద ఇక్కడే తయారు చేసింది కూడా. ఆ సంస్థ చిప్ ఫ్యాక్టరీ 1989లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అది వేరే కథ, పెద్ద కథ. ఆ రోజుల్లో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది: చెప్పులు బయట విప్పి కంప్యూటర్ గదిలోకి వెళ్లాలి, మన వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. అంత మర్యాద అందుకున్న యంత్రం ఇది. చివరికి చిత్తూరు జిల్లాలో ఒక బడి విరిగిన బెంచీలతో పాటు దీన్నీ తూకానికి వేయబోతుంటే, అక్కడి మాస్టారు ఒకరు పక్కకు తీసి నాకు కబురు పెట్టారు.

పక్కనే ఉన్న ఈ చిన్న పెట్టె మాత్రం ఇంట్లో చేసింది. పాత కంప్యూటర్‌కూ ఈ సింథసైజర్ కీబోర్డుకూ మధ్య మాట కలుపుతుంది. అర చేతిలో పట్టే బోర్డు, నాలుగైదు ఐసీలు, గుప్పెడు రెసిస్టర్లు, అంతే. ఫోనులో ఒక యాప్‌తో అయిపోయే పనికి ఇంత తిప్పలెందుకని మా ఇంట్లోనే అడిగారు, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉందన్నారు. ఉండవచ్చు. కానీ ఎలుక ఏ కన్నంలో దూరి ఎక్కడ తేలిందో మొదటి నుంచి చివరిదాకా కనిపించే కొండ నాకు తెలిసి ఇదొక్కటే. మీ ల్యాప్‌టాప్‌లో మీట నొక్కిన క్షణం నుంచి ధ్వని వచ్చే క్షణం వరకు ఎన్ని పొరలు దాటుతుందో మీలో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఇక్కడ ప్రతి బిట్టునూ ఆసిలోస్కోపు మీద వేలు పెట్టి చూపించగలను.

ముందుగా సంగీత విద్యార్థులకు ఒక మాట. ఈ కంప్యూటర్ తనంతట తాను కూడా పాడుతుంది. ఎస్‌ఎన్76489 అనే చిప్ ఉంది. మూడు స్వర మార్గాలు, ఒక హోరు మార్గం. స్వరం పుట్టించే పద్ధతి చాలా సులువు: 1,25,000ను ఒక పూర్ణసంఖ్యతో భాగిస్తుంది, వచ్చినన్ని హెర్ట్జ్‌లు పలుకుతుంది. 284తో భాగిస్తే 440.14. అంటే పాశ్చాత్యులు శ్రుతి చేసుకునే 440కి వెంట్రుకవాసి తేడా. చాలా బాగుంది కదా? అయితే ఆ భాగించే సంఖ్య 1023 దాటకూడదు. అందువల్ల 122 హెర్ట్జ్ కంటే కిందికి దిగడం దీని వల్ల కాదు. మగవారు ఒకటో శ్రుతిలో పాడితే షడ్జం సుమారు 131 హెర్ట్జ్. దాని కింద కాకలి నిషాదం వరకు ఈ చిప్ ఎలాగో దిగుతుంది. కైశికి నిషాదం అడిగితే చేతులెత్తేస్తుంది. మంద్ర పంచమం సంగతి అడగనే వద్దు.

పైకి వెళ్తే ఇంకో చిక్కు. 125తో భాగిస్తే సరిగ్గా 1000 హెర్ట్జ్. ఆ తర్వాతి మెట్టు 124తో, అది 1008. ఈ రెండింటి మధ్య ఈ చిప్‌కు ఇంకేమీ లేదు. అర్ధస్వరాన్ని వంద సెంట్లుగా లెక్కేస్తారు; ఆ సెంట్లలో చెప్పుకుంటే అది సుమారు 14 సెంట్ల గెంతు, అర్ధస్వరంలో ఏడో వంతు. తారస్థాయిలో జారు వేయమంటే మెట్ల మీద నుంచి బిందె దొర్లినట్టు వినిపిస్తుంది. ఈ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే బేసిక్ భాషలోని సౌండ్ ఆజ్ఞ ఇంకా మొరటు. దానికి స్థాయికి 48 మెట్లే, మెట్టుకు 25 సెంట్లు. 1981లో ఇళ్లలో వాడే కంప్యూటర్‌కు ఇది ఉదారమైన ఏర్పాటే. మనకు చాలదు.

అందుకే ధ్వనిని బయటి వాద్యానికి వదిలేసి, కంప్యూటర్‌ను ఆజ్ఞలు ఇవ్వడానికి, గుర్తు పెట్టుకోవడానికి మాత్రమే వాడుకుందాం అనుకున్నాను. ఆ ఆజ్ఞల భాషే మిడి. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపించిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి దీనికి ప్రధాన కారకులు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక వాద్య వ్యాపార ప్రదర్శనలో ఒక కంపెనీ కీబోర్డుకూ ఇంకో కంపెనీ కీబోర్డుకూ తీగ కలిపి, ఒకటి వాయిస్తే రెండోది పలికేట్టు చూపించారు. పోటీ కంపెనీలు ఒక తీగ మీద రాజీపడటం అరుదు. వాళ్లిద్దరికీ 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం దక్కింది.

మిడి తీగలో ధ్వని ఉండదు. ఇది ఎంత చెప్పినా కొత్తవారికి ఎక్కదు. తీగలో వెళ్లేది ‘ఒకటో మార్గంలో 60వ మీట, 100 బలంతో నొక్కారు’ అనే సమాచారం. 144, 60, 100. మూడు బైట్లు. 60 అంటే మధ్య స్థాయి సి. వదిలేసినప్పుడు ఇంకో మూడు బైట్లు. ఆ మీట వీణలా పలకాలో నాదస్వరంలా పలకాలో అవతలి వాద్యం ఇష్టం.

తిరుపతి వారికి దీన్ని ఇంకోలా చెప్పవచ్చు. అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద దొరికాయి. ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంది, సాహిత్యం ఉంది. స్వరం లేదు. శతాబ్దాల నాటి సాహిత్యం అక్షరం పోకుండా మన చేతికి వచ్చింది, ఎలా పాడారో రాలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు కూర్చుని మళ్లీ స్వరపరచవలసి వచ్చింది. ఏది రాసి పెట్టాలి, ఏది పాడేవారికి వదిలేయాలి అన్నది రాసే పద్ధతిలోనే తేలిపోతుంది. మిడి రూపకర్తలు మీటను, బలాన్ని, వేళను రాసి పెట్టారు. గమకాన్ని ఎక్కడ పెట్టారో తర్వాత చూద్దాం.

ఇప్పుడు వెనుక వరుసలకు. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. వినగానే వింతగా ఉంటుంది, మనం విన్నవన్నీ 9,600, 19,200 వంటివి కాబట్టి. కానీ 10 లక్షలను 32తో భాగించి చూడండి. సరిగ్గా 31,250. ఆ రోజుల్లో ప్రతి చిన్న కంప్యూటర్‌లోనూ 1 మెగాహెర్ట్జ్ గడియారమో, అంటే సెకనుకు 10 లక్షల సార్లు కొట్టే సంకేతమో, దాని గుణిజమో ఉండేది. ప్రత్యేకంగా ఇంకో స్ఫటికం కొనే పని లేకుండా, ఉన్నదాన్నే సగం సగం చేసుకుంటూ పోతే వచ్చే వేగాన్ని ఎంచుకున్నారు. ఒక్కో బిట్టు 32 మైక్రోసెకన్లు. ఒక బైటుకు మొదలు బిట్టు, ఎనిమిది డేటా బిట్లు, ముగింపు బిట్టు కలిపి పది. అంటే బైటుకు 320 మైక్రోసెకన్లు. ఈ 320 అంకెను గట్టిగా పట్టుకోండి, ఇవాళ నేను చెప్పబోయే మిగతాదంతా దాని చుట్టూ తిరిగే బేరమే.

(ప్రశ్న: మేడమ్, దీని వెనుక సీరియల్ పోర్టు ఉందిగా, దాన్నే వాడుకోవచ్చు కదా?)

బాబూ, మంచి ప్రశ్న. ఉంది, దాని సాకెట్టు కూడా ఐదు పిన్నులదే. చూసి సంతోషపడతాం. కానీ దాని వేగాలు 75 నుంచి 19,200 వరకు కొన్ని స్థిరమైన మెట్లు. 31,250 ఆ వరుసలో లేదు. లోపల ఉన్న 6850 అనే సీరియల్ చిప్ మంచిదే, దానికి గడియారం అందించే చిప్ ఒప్పుకోదు. అందుకని అదే 6850ని ఇంకోటి కొని, మన గడియారంతో బయట నడుపుదాం.

6850 తనకు వచ్చిన గడియారాన్ని 1తో గానీ 16తో గానీ 64తో గానీ భాగిస్తుంది. 32తో భాగించడం దానికి రాదు. కంప్యూటర్ బయటికి ఇచ్చేది 1 మెగాహెర్ట్జ్. 16తో భాగిస్తే 62,500, మనకు కావలసినదానికి రెట్టింపు. 64తో భాగిస్తే 15,625, అందులో సగం. ఇలా చెరో పక్కనా తప్పిపోతుంటే చేయవలసిన పని చాలా చిన్నది. ఒక 74ఎల్‌ఎస్74 ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టి గడియారాన్ని ముందే సగం చేస్తే 500 కిలోహెర్ట్జ్ వస్తుంది, దాన్ని 6850 పదహారుతో భాగిస్తుంది. 31,250. ఒక్క బిట్టు కూడా అటూ ఇటూ కాదు. చిన్న ఐసీ ఇంత శుభ్రంగా పని చేస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కంప్యూటర్ అడుగున ఉన్న 34 పిన్నుల కనెక్టర్‌ను 1 మెగాహెర్ట్జ్ బస్ అంటారు. దాని మీద డేటా తీగలు, అడ్రసు తీగలు, గడియారం, చేస్తున్న పని ఆపి ఇటు చూడమని ప్రాసెసర్‌ను పిలిచే అంతరాయం తీగ అన్నీ ఉన్నాయి. ఒకటి లేదు: 5 వోల్టుల కరెంటు. ఎంత వెతికినా దొరకదు, పెట్టలేదు కనుక. పక్కనే ఉన్న యూజర్ పోర్టు నుంచి తీసుకోవాలి. అడ్రసుల్లో ఒక భాగాన్ని సొంత పరికరాలు కట్టుకునేవారి కోసమే ఏకాన్ కేటాయించింది. మన పెట్టె అక్కడ కాపురం పెట్టింది.

ఈ బస్‌లో ఒక తిరకాసు ఉంది. దాన్ని కాస్త నింపాదిగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే పెట్టె పది నిమిషాలు బాగా పని చేసి పదకొండో నిమిషంలో స్వరం మింగేస్తుంది. ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్‌తో పరుగెడుతోంది. ఈ బస్ దగ్గరికి వచ్చినప్పుడు 1కి తగ్గాలి. ఆ తగ్గే సంధిలో, ‘నిన్నే పిలుస్తున్నాను’ అని చెప్పే తీగ మీద ఒక్కోసారి అబద్ధపు పిలుపు లిప్తపాటు మెరుస్తుంది. వేరే చిప్ అయితే పట్టించుకోకపోవచ్చు. 6850 డేటా రిజిస్టర్‌ను మాత్రం ఒకసారి చదివితే చాలు, ‘కొత్త బైటు వచ్చింది’ అన్న జెండా దిగిపోతుంది. ఎవరూ చదవకుండానే చదివినట్టు లెక్క పడిపోతుంది. స్వరం వచ్చిందని చెప్పేవారు ఉండరు. ఈ విషయం ఏకాన్‌కు తెలుసు. గడియారం సరైన స్థితిలో ఉన్నప్పుడే ఆ పిలుపును లోపలికి రానిచ్చే చిన్న లాచ్‌ను వాళ్లే సూచించారు. మూడు నాలుగు నాండ్ గేట్ల పని. బోర్డు మీద ఎడమ మూల ఉన్నది అదే. దాన్ని ‘తర్వాత పెట్టుకుందాంలే’ అని వదిలేయకండి.

ఇక తీగ ఇవతలి కొస. మిడి తీగలో వోల్టేజీ కాదు, 5 మిల్లీఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ప్రవహిస్తే సున్నా, ఆగితే ఒకటి. ఆ కరెంటు అవతలి పెట్టెలో ఒక బుల్లి ఎల్ఈడీని వెలిగిస్తుంది. ఆ వెలుగును పక్కనే ఉన్న ట్రాన్సిస్టర్ చూస్తుంది. రెండూ ఆప్టోకప్లర్ అనే ఒకే ఐసీలో ఉంటాయి, మధ్యలో లోహపు సంబంధం ఏమీ ఉండదు. ఎందుకింత దూరం పాటించడం? కంప్యూటర్ నేల తీగ, సింథసైజర్ నేల తీగ కలిస్తే గుయ్‌మని 50 హెర్ట్జ్ హోరు వస్తుంది. మన ఇళ్లలో ఎర్తింగ్ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. తంబురా పక్కన ఆ హోరు ఉంటే శ్రుతి ఎవరిదో తేల్చుకోలేం.

ఇక్కడ దుకాణాల్లో ఆప్టోకప్లర్ అడగగానే ఎంసీటీ2ఈ చేతిలో పెడతారు. చౌక, ఎక్కడైనా దొరుకుతుంది, రిలేలు తిప్పడానికి భేషుగ్గా ఉంటుంది. మిడికి పనికిరాదు. వెలుగు ఆరిన తర్వాత దాని ట్రాన్సిస్టర్ ఆగడానికి బద్ధకిస్తుంది. మిడి నియమాల ప్రకారం ఆ మార్పు 2 మైక్రోసెకన్లలోపు జరిగిపోవాలి. అందుకే 6ఎన్138 వాడతాం. దానిలోనూ ఒక కిటుకు ఉంది, దగ్గరికి వచ్చి చూడండి. ఏడో పిన్ను నుంచి నేలకు ఈ చిన్న రెసిస్టర్ కనిపిస్తోందా? చాలా బొమ్మల్లో ఇది ఉండదు. అది లోపలి ట్రాన్సిస్టర్ బేస్. అక్కడ పేరుకున్న విద్యుదావేశం త్వరగా ఖాళీ కావడానికి దారి కావాలి. ఇప్పుడు దీన్ని ఒక కొస ఎత్తి పట్టుకుంటాను, ఆసిలోస్కోపు చూడండి. నిలువుగా లేవాల్సిన గోడ ఏటవాలు అయిపోయింది. సున్నాలు లావెక్కాయి, ఒకట్లు చిక్కిపోయాయి. 6850 ప్రతి బిట్టునూ దాని నడిమధ్యలో, అంటే 16 మైక్రోసెకన్ల దగ్గర చూస్తుంది. ఏటవాలు అంతదాకా పాకితే ఒకటిని సున్నాగా చదువుతుంది. మళ్లీ తాకిస్తున్నాను. గోడ నిటారుగా లేచింది చూడండి.

ఈ చిప్‌ల కోసం చెన్నై రైలెక్కి ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లవలసి వచ్చింది. ఇక సోల్డరింగ్ అంటారా, మే నెలలో తిరుపతిలో ఫ్యాను ఆపుకుని సోల్డరింగ్ చేయడం తపస్సుతో సమానం. ఫ్యాను వేస్తే అతుకు సరిగా కుదరదు, ఆపితే చెమట బోర్డు మీద పడుతుంది. వేకువనే లేచి చేసుకోండి.

హార్డ్‌వేర్ అయింది. ఇప్పుడు గడువు సంగతి. 6850 తన దగ్గర ఒక్క బైటునే అట్టిపెట్టుకోగలదు. రెండోది పూర్తయ్యేలోగా మొదటిది తీసుకోకపోతే కొత్తది పోయినట్టే. అంటే బైటు వచ్చిన ప్రతిసారీ ప్రాసెసర్ 320 మైక్రోసెకన్లలోపు వచ్చి తీసుకెళ్లాలి. 2 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ వ్యవధిలో 640 సైకిళ్లు పడతాయి. 6502లో ఒక్కో సూచనకు 2 నుంచి 7 సైకిళ్లు. నూట యాభైకి పైగా సూచనలు నడపవచ్చు. దండిగా ఉంది. బేసిక్‌లో రాద్దామంటే మాత్రం కుదరదు, అక్కడ ఒక మామూలు వాక్యానికే మిల్లీసెకను చుట్టుపక్కల పడుతుంది. మూడు బైట్లు వచ్చి వెళ్లిపోతాయి. అయినా ఈ యంత్రంలో బేసిక్ లోపలే, ప్రాసెసర్ సూచనలను నేరుగా రాసుకునే అసెంబ్లర్ ఉంది. చదరపు కుండలీకరణం తెరిచి, అసెంబ్లీ రాసి, మూసేసి మళ్లీ బేసిక్‌లోకి రావచ్చు. ఈ బేసిక్‌ను రాసిన సోఫీ విల్సన్‌కు ఈ ఒక్క సదుపాయానికే దండం పెట్టవచ్చు.

అంతరాయం వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టం ముందు తన సొంత పనులు చూసుకుంటుంది: కీబోర్డు ఏమంది, సెకనుకు వంద సార్లు కొట్టే గడియారం కొట్టిందా, సీరియల్ పోర్టులో ఏముంది. ఇవన్నీ తనవి కావని తేలాక చివర్లో మన వైపు చూస్తుంది. అప్పటికి మన బైటు గడువు దాటే ప్రమాదం ఉంది. అందుకే వరుసలో ముందు నిలబడాలి. అంతరాయం రాగానే వెళ్లే మొదటి చిరునామాను మన ప్రోగ్రాం వైపు తిప్పుకుని, 6850ని అడిగి, బైటుంటే మెమరీలో పడేసి, లేకపోతే మర్యాదగా పాత దారిలో పంపేస్తాం. 6850ని సిద్ధం చేయడానికి ముందు 3 రాసి కడిగేయాలి, తర్వాత 149 రాయాలి. ఆ 149లో పదహారుతో భాగించడం, ఎనిమిది బిట్లు, ఒక ముగింపు బిట్టు, బైటు రాగానే అంతరాయం ఇవ్వడం అన్నీ ఇమిడి ఉన్నాయి.

చాలా కీబోర్డులు ఏమీ వాయించకపోయినా ‘బతికే ఉన్నాను’ అని 254 అనే బైటును సెకనుకు మూడు సార్లకు పైగా పంపుతూ ఉంటాయి. దాన్ని తలుపు దగ్గరే వెనక్కి పంపించేయండి. మెమరీలో పోగు చేస్తే పాట కంటే అదే ఎక్కువ ఉంటుంది.

(ప్రశ్న: మేడమ్, ఇదంతా మీటల వాద్యానికి సరే. మేము వాయించేదాంట్లో రెండు మీటల మధ్యలో ఉండేదే ఎక్కువ. అది ఈ తీగలో వెళ్తుందా?)

అమ్మా, దీని కోసమే మిమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. వెళ్తుంది. మిడిలో పిచ్ బెండ్ అనే సందేశం ఉంది. దానికి 16,384 మెట్లు, నడిమి విలువ 8,192. మామూలుగా కీబోర్డులు దీన్ని రెండు అర్ధస్వరాలు పైకి, రెండు కిందికి వంగేలా అమర్చుకుంటాయి. అంటే ఒక పక్కకు 200 సెంట్లను 8,192 భాగాలు చేశారు. చెవికి ఆ మెట్లు తెలియవు.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. తంబురాను బాగా శ్రుతి చేస్తే అందులో తనంతట తానే ఒక గాంధారం వినిపిస్తుందని మీకు తెలుసు. దాని నిష్పత్తి షడ్జానికి 5/4, సెంట్లలో 386. కీబోర్డు మీది అంతర గాంధారం 400. అందుకే హార్మోనియం గాంధారం తంబురా పక్కన కాస్త గుచ్చుకుంటుంది. సుమారు 14 సెంట్లు తగ్గించాలి. 200కు 8,192 అయితే 14కు 573. 8,192లో 573 తీసేస్తే 7,619. మిడిలో డేటా బైటు 127 దాటకూడదు కాబట్టి దీన్ని 128తో భాగించాలి: భాగఫలం 59, శేషం 67. శేషం ముందు వెళ్తుంది. పంపవలసింది 224 (పిచ్ బెండ్ గుర్తు), 67, 59. ఆ వెంటనే 144, 64, 100. మొత్తం ఆరు బైట్లు, రెండు మిల్లీసెకన్ల లోపే. ఇప్పుడు వినండి, ఇది కీబోర్డు గాంధారం... ఇది వంచిన గాంధారం. తలలు ఊగాయి కాబట్టి తేడా తెలిసిందనుకుంటాను.

ఇది నిలకడ స్వరం. తోడి రాగంలో గాంధారం ఊగుతూ ఉంటుంది కదా, దానికి లెక్క వేద్దాం. సెకనుకు ఐదు ఊపులు అనుకుందాం. ఒక్కో ఊపును ఇరవై బిందువులతో గీస్తే సెకనుకు వంద సందేశాలు. ఒకే రకం సందేశాలు వరుసగా వెళ్తున్నప్పుడు మొదటి బైటును మళ్లీ మళ్లీ పంపనవసరం లేదని మిడిలో వెసులుబాటు ఉంది, కాబట్టి సందేశానికి రెండు బైట్లు, 640 మైక్రోసెకన్లు. వందకు 64 మిల్లీసెకన్లు. తీగలో ఇంకా తొంభై శాతానికి పైగా ఖాళీ. 1983 నాటి తీగ తోడిని మోయగలదు. పెద్దగా ఆయాసపడకుండానే మోస్తుంది.

ఇరుకు వేరే చోట ఉంది. ఒకటి: ఈ వంపు మీటకు కాదు, మొత్తం మార్గానికి వర్తిస్తుంది. అదే మార్గంలో తంబురా కూడా పెడితే గాంధారంతో పాటు షడ్జమూ ఊగుతుంది. చెవులు మూసుకోవాలి. తంబురాను రెండో మార్గంలో పెట్టాలి, అక్కడ మీట నొక్కు 145తో మొదలవుతుంది. మార్గాలు పదహారు ఉన్నాయి కాబట్టి ఇది తీరే ఇబ్బందే. రెండోది మెమరీ. ప్రతి సందేశానికి రెండు బైట్ల విలువ, రెండు బైట్ల వేళ రాసుకుంటే సెకనుకు 400 బైట్లు. 32 కిలోబైట్లలో సిస్టం వాడుకున్నది పోగా, తక్కువ మెమరీ తినే టెలిటెక్స్ట్ తెర పెట్టుకుని, డిస్కు లేకుండా నడిపితే 28,160 బైట్లు మిగులుతాయి. మన ప్రోగ్రాం పోగా 20,000 అనుకోండి. యాభై సెకన్ల గమకం. ఒక పల్లవి పడుతుంది. అనుపల్లవికి క్యాసెట్టు తిప్పుకోవాల్సిందే.

వేళ రాసుకోవడానికి సిస్టం గడియారం చాలదు, అది పది మిల్లీసెకన్లకు ఒకసారి కొడుతుంది. మూడు బైట్ల సందేశం పట్టేదే దాదాపు మిల్లీసెకను. కాబట్టి యూజర్ పోర్టు చిప్‌లో ఉన్న టైమరును మిల్లీసెకనుకు ఒకసారి కొట్టేలా పెట్టాను. అంతకంటే సన్నగా కొలవడం వృథా, తీగే అంత సన్నగా మోయదు.

(ప్రశ్న: ఇదే పని ఆర్డునో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో చాలా తక్కువ ఖర్చులో అయిపోతుంది కదా మేడమ్?)

అయిపోతుంది. చేయండి కూడా. దాని గడియారం 16 మెగాహెర్ట్జ్. 512తో భాగించి చూడు బాబూ. అక్కడా సరిగ్గా 31,250 వస్తుంది. నలభై ఏళ్ల కింద ఎంచుకున్న భాగహారం ఇంకా కుదురుతోంది. కాకపోతే అక్కడ 6850 చేసే పనంతా చిప్ లోపలే ఉంటుంది, లైబ్రరీ పేరు రాస్తే చాలు. ఏడో పిన్ను రెసిస్టర్ మాత్రం అక్కడా నువ్వే పెట్టాలి. 2020లో మిడి రెండో రూపం వచ్చింది, అందులో ఒక్కో మీటను విడిగా వంచవచ్చు. మన సంగీతానికి అది నిజంగా పెద్ద మార్పు. అయినా దుకాణంలో కనిపించే చాలా కీబోర్డుల వెనుక ఇప్పటికీ పాత భాషే నడుస్తోంది.

(ప్రశ్న: మా ఇంట్లో కూడా పాత కంప్యూటర్ ఒకటి ఉంది. నేరుగా ప్లగ్గులో పెట్టవచ్చా?)

వద్దు. దయచేసి వద్దు. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న యంత్రానికి వెంటనే కరెంటు ఇవ్వకూడదు. ఆ కాలపు పవర్ సప్లైల్లో మెయిన్స్ వైపు కాగితపు ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. పైపొర పగుళ్లిచ్చి తేమ పీల్చుకుంటాయి, కరెంటు తగలగానే గది నిండా పొగ కక్కుతాయి. ముందు పవర్ సప్లై విప్పి వాటిని మార్చాలి. అది కూడా ఒంటరిగా కాదు, తెలిసినవారు పక్కన ఉండగా, ప్లగ్గు తీసి, లోపల నిలిచిన కరెంటు పోయిందని మీటరుతో చూసుకున్నాక. తర్వాత బోర్డు కనెక్టర్లు ఊడదీసి, 5 వోల్టులు సరిగా వస్తున్నాయో లేదో మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఆ తర్వాతే బోర్డుకు కలపాలి.

6850లు ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. అమ్మేవాటిలో చాలా వరకు పాత బోర్డుల నుంచి ఊడదీసి కాళ్లు రుద్ది పెట్టినవే. అందులో తప్పేమీ లేదు, కానీ పరీక్షించకుండా బోర్డుకు అతికించేయకండి. సాకెట్టు పెట్టి దానిలో గుచ్చండి. పని చేస్తుందో లేదో తేల్చడానికి బయటికి వెళ్లే పిన్నును లోపలికి వచ్చే పిన్నుతో కలిపి, 0 నుంచి 255 వరకు పంపి, అవే తిరిగి వస్తున్నాయేమో చూడండి. ఆప్టోకప్లర్‌కు మాత్రం కొత్తదే కొనండి, పాతవాటిలో ఎల్ఈడీ వెలుగు తగ్గి ఉంటుంది.

సర్క్యూట్ బొమ్మ జిరాక్సులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, ఏడో పిన్ను దగ్గర ఎర్ర సిరాతో గీత పెట్టాను. కట్టాలనుకునేవారు పేరు రాసి వెళ్లండి. సోల్డరింగ్ ఐరన్, సీసం ఎవరివి వారు తెచ్చుకోవాలి, మీటరు నాది ఉంది. వయొలిన్ వాళ్లలో ఎవరైనా ఇద్దరు ఇప్పుడు ఇటు రండి. తోడి గాంధారం పాడుతూ కీబోర్డు మీది ఈ పిచ్ బెండ్ చక్రాన్ని చేత్తో ఊపండి, ఎంత మెమరీ తింటుందో లెక్క చూద్దాం.